మన కొండలు, మన మొక్కలు – 4వ పాఠం: పులికంపను వేరు దగ్గర కోయడం

పోయిన పాఠంలో పులికంపను గుర్తుపట్టడం నేర్చుకున్నాం. నాలుగు పలకల కాండం, నలిపితే ఘాటు వాసన కొట్టే గరుకు ఆకు, ఒకే గుత్తిలో రెండు మూడు రంగుల పూలు. లాంటానా అన్నా ఇదే. ఈసారి దాన్ని తీసే పని.

బయటి నుంచి వచ్చిన ప్రతి మొక్కా చెడ్డది కాదు. మదనపల్లె టమాటా, గంపల్లో పెట్టి అమ్మే సీతాఫలం కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. పక్కవాటిని బతకనివ్వకుండా కమ్మేసే వాటితోనే మన పేచీ. పులికంపను అందానికని తోటల్లోకి తెచ్చారు. సర్కారు తుమ్మ కథ మనకు ఇంకా దగ్గరిది. మద్రాసు అటవీ అధికారి బెడ్డోమ్ విత్తనాలు కావాలని అడిగితే, 1877లో కడప జిల్లా కమలాపురంలో నాటారు. శేషాచలం కొండల్లో పెరిగే అరుదైన పేరిత చెట్టు శాస్త్రీయ నామం సైకాస్ బెడ్డోమై. అదీ ఆయన పేరే. మనం కాపాడుకోవాల్సిన చెట్టుకూ, ఆపలేకపోతున్న చెట్టుకూ ఒకే మనిషితో సంబంధం ఉండటం నన్ను ఇప్పటికీ ఆలోచింపజేస్తుంది.

ఇక పనిలోకి వద్దాం. మీ సొంత చేను, కయ్య గట్టు, ఇంటి వెనక ఖాళీ జాగా, ఇక్కడే చేయండి. అలిపిరి దాటి కొండ మీదికి మచ్చుకత్తి పట్టుకొని వెళ్లకండి. అది రక్షిత అడవి, పైగా ఎర్రచందనం ఉన్న చోటు. అటవీ శాఖ అనుమతి లేకుండా అక్కడ కొమ్మ కూడా ముట్టుకోకూడదు.

మంచి వాన పడి, నేల కాస్త ఆరాక మొదలుపెట్టండి. కాయలు పండక ముందైతే ఇంకా మేలు. ముందు పొడవాటి కర్రతో పొద అడుగంతా కదిలించండి, పాములుంటాయి. మందమైన గ్లౌజులు తప్పనిసరి.

చాలామంది మోకాలి ఎత్తులో నరికేసి పని అయిపోయిందనుకుంటారు. నెల తిరిగేసరికి ఒక్క కొమ్మ ఉన్న చోట నాలుగు లేస్తాయి. కాండం వేరుగా మారే చోట కొత్త చిగుళ్లు పుట్టించే శక్తంతా ఉంటుంది. అక్కడి మట్టిని చేత్తో పక్కకు తీసి చూడండి. మొదలు బొడిపెలు బొడిపెలుగా, లావుగా కనిపిస్తుంది. దాని కిందే తల్లివేరు దిగుతుంది. కోయాల్సింది ఆ వేరును, నేల మట్టానికి రెండు మూడు వేళ్ల లోతున. ఒక చేత్తో కొమ్మలన్నీ కలిపి వంచి పట్టుకొని, చిన్న గడ్డపారతో వేరు మీద ఏటవాలుగా గట్టిగా పొడవండి. తెగిందంటే పొద మొత్తం చేతిలోకి వచ్చేస్తుంది.

వచ్చిన పొదను తలకిందులుగా, వేళ్లు ఆకాశం వైపు ఉండేలా పెట్టి ఎండనివ్వండి. ఇది మాత్రం మర్చిపోకండి. తడి నేలకు ఆనిన కొమ్మ అక్కడే వేరు పోసుకుంటుంది. పశువులకు అందే చోట కూడా పడేయొద్దు, ఆ ఆకు తింటే కాలేయం చెడి కామెర్లు వస్తాయి.

జేసీబీతో ఒక్క పూటలో అయిపోతుంది కదా అనిపించొచ్చు. వద్దనే నా గట్టి అభిప్రాయం. నేలంతా తిరగబడితే అడుగున నిద్రపోతున్న పులికంప గింజలు పైకొస్తాయి. బలుసు, కలివి, బందారు లాంటి మన మొక్కల మొదళ్లు ఆ పొద నీడలో ఇంకా ప్రాణంతో ఉంటే, అవి కూడా పెకలిపోతాయి. మంట పెట్టడమూ అంతే. కాలిన మొదలు నుంచి పులికంప మళ్లీ చిగురిస్తుంది.

తీశాక రెండు మూడేళ్లు కనిపెట్టి ఉండాలి. పండ్లు తిన్న పిగిలిపిట్టలు వేప మీదో చింత మీదో వాలి, రెట్టతో గింజలు రాలుస్తాయి. కాబట్టి వాన తర్వాత ముందు చెట్ల కింద వెతకండి. చిటికెన వేలంత మొలకలు అప్పుడైతే సులువుగా ఊడొస్తాయి.

అభ్యాసం: తీసిన చోట నాలుగు రాళ్లు పెట్టి గది అంత జాగా గుర్తుపెట్టుకోండి. అందులో ఏమీ నాటొద్దు, నీళ్లు పోయొద్దు. వారానికోసారి ఏ మొలక వచ్చిందో, ఆకు ఎలా ఉందో నోట్‌బుక్‌లో బొమ్మ గీసుకోండి. పేరు తెలియకపోయినా ఫర్వాలేదు. 5వ పాఠంలో ఆ బొమ్మలు ముందు పెట్టుకొని, దేన్ని ఉంచాలో, దేన్ని పీకాలో చూద్దాం.