మొదటి సెమిస్టర్‌లో తక్కువ వచ్చిందా? ముందు లెక్క వెయ్యండి

రిజల్ట్ చూశాక ముందు అన్నం తినండి. తర్వాత గ్రేడ్ షీట్, ఒక తెల్లకాగితం ముందేసుకుని కూర్చోండి.

ఒడిశాలోని పర్లాకిమిడి బస్టాండు దగ్గర నాకు జిరాక్స్, నెట్ షాపు ఉంది. బరంపురం, గుణుపురం, భువనేశ్వర్‌లలో చదివే మన పిల్లలు సెలవులకొచ్చి ఫారాలన్నీ ఇక్కడే నింపుతారు. అందుకే ఊళ్లో ఎవరికెంత వచ్చిందో వాళ్ల ఇళ్లకంటే ముందు నా ప్రింటర్‌కి తెలుస్తుంది. ప్లస్ టూలో 85 శాతం దాటినవాళ్లే ఎక్కువ డీలాపడతారు. జీపీఏ (పదికి లెక్కగట్టే సగటు గ్రేడ్ పాయింట్లు) 6.6 అని కనబడగానే అరవై ఆరు శాతమే అనుకుని నీరుగారిపోతారు. జీపీఏని శాతంలోకి మార్చే సూత్రం యూనివర్సిటీని బట్టి మారుతుంది. చాలాచోట్ల గ్రేడ్ షీట్ వెనకే అచ్చువేస్తారు, తిప్పి చూడండి.

పోయినేడాది ఒక గుంటడు, "అన్నా, ఈ 6.6ని 8.6 చేసి ఒక్క ప్రింట్ తీద్దూ, నాన్నకి చూపించాలి" అన్నాడు. మార్కుల కాగితం దిద్దితే కేసవుతుందని చెప్పాను. అయినా వచ్చే సెమిస్టర్‌కి ఇంకో దొంగ ప్రింట్ కావాలి కదా! పాడైన జిరాక్స్ కాగితం వెనక వాడిచేతే లెక్క వేయించాను.

లెక్క ఇదీ. ఒక్కో పేపర్ క్రెడిట్లని (అంటే సిలబస్‌లో ఆ పేపర్‌కిచ్చిన బరువు) దాంట్లో వచ్చిన గ్రేడ్ పాయింట్లతో గుణించి, అన్నీ కూడి, మొత్తం క్రెడిట్లతో భాగించాలి. వాడికి మ్యాథ్స్ 4 క్రెడిట్లు, 5 పాయింట్లు: 20. ఫిజిక్స్ 4, 6: 24. ప్రోగ్రామింగ్ 4, 7: 28. ఇంగ్లీషు 3, 8: 24. ఎలక్ట్రికల్ 3, 6: 18. ల్యాబులు 2, 9: 18. మొత్తం 132. దాన్ని 20 క్రెడిట్లతో భాగిస్తే 6.6.

ఇప్పుడు తిరగేసి చూడండి. ల్యాబులో తొమ్మిది పదైతే 6.7 అవుతుంది, అంతే. మ్యాథ్స్‌లో అయిదు ఏడైతే ఏకంగా 7.0. కానీ మన పిల్లలు రాత్రుళ్లు మేలుకుని చేసేది ల్యాబ్ రికార్డుకి రంగుపెన్నుల అలంకారం. నాలుగు క్రెడిట్ల పేపర్ ఏదో వచ్చే సెమిస్టర్ మొదటివారంలోనే సిలబస్‌లో చూసి, రోజులో మంచి గంట దానికి ఇవ్వండి.

రెండో లెక్క అమ్మానాన్నల కోసం. నాలుగేళ్ల కోర్సులో ఎనిమిది సెమిస్టర్లు. అన్నిటికీ క్రెడిట్లు సమానమనుకుంటే, మొదటిదాంట్లో 5.8 వచ్చి, మిగతా ఏడింట్లో సగటు 7.6 తెచ్చుకుంటే చివరికి 7.375 నిలుస్తుంది. మొదటిది 6.8 అయ్యుంటే 7.5 అయ్యేది. ఇంత ఏడుపూ ఆ కాస్త తేడాకే. మూడేళ్ల ప్లస్ త్రీ డిగ్రీ అయితే ఆరు సెమిస్టర్లే కాబట్టి ప్రభావం కొంచెం ఎక్కువ.

బ్యాక్ వస్తే, అంటే పేపర్ తప్పితే మాత్రం సంగతి వేరు. ఎఫ్ గ్రేడ్‌కి పాయింట్లు సున్నా, క్రెడిట్లు మాత్రం లెక్కలో ఉండిపోతాయి. ఆ గుంటడికి మ్యాథ్స్ పోయుంటే 112ని 20తో భాగించి 5.6 అయ్యేది. క్యాంపస్‌కొచ్చే కంపెనీలు చాలావరకు 60 శాతమో, ఆరు పైన సీజీపీఏనో (అన్ని సెమిస్టర్లూ కలిపిన జీపీఏ) అడుగుతాయి. దాంతోపాటు క్లియర్ కాని బ్యాక్ ఉండకూడదంటాయి. అందుకే ఏడున్నరని ఎనిమిది చేసే యావ పక్కన పెట్టి, మొదటి అవకాశంలోనే బ్యాక్ రాసెయ్యండి. "మూడో ఏడు చూసుకుందాంలే" అన్నవాళ్లు మూడో ఏడు మూడు బ్యాక్ ఫారాలు నింపించుకోవడం నా కళ్లారా చూశాను.

మార్కులు అన్యాయంగా పడ్డాయనిపిస్తే రీచెకింగ్ గడువు ముందు చూడండి, చాలా తక్కువ రోజులే ఇస్తారు. వీలుంటే జవాబు పత్రం కాపీ కూడా అడగండి. సమాచార హక్కు చట్టం కింద తన జవాబు పత్రం తాను చూసుకోవచ్చని 2011లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. మార్కులు పెరగకపోయినా ఎక్కడ పోయాయో తెలుస్తుంది. మనవాళ్లవి ఎక్కువగా ఒకే చోట పోతాయి. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, కాలేజీలో ఇంగ్లీషు. లెక్క చేస్తారు, 'ఎందుకంటే' అని రెండు వాక్యాలు రాయమంటే కలం ఆగిపోతుంది. సాంకేతిక విద్యని చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ వాళ్ల ఈ-కుంభ్ పోర్టల్‌లో ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం పుస్తకాలు తెలుగులోనూ ఒడియాలోనూ ఉచితంగా దొరుకుతాయి. అర్థం చేసుకోవడానికి అవి చదవండి. డెఫినిషన్లు మాత్రం ఇంగ్లీషులోనే చేత్తో రాసి అలవాటు చేసుకోండి. పాత ప్రశ్నపత్రాలు ముందేసుకుని గడియారం పెట్టుకుని రాయండి. వీడియో చూస్తూ తలూపితే చదివినట్టు కాదు.

ఇంట్లో చెప్పేటప్పుడు అంకె ఒక్కటే చెప్పకండి. "నాన్నా, 6.6 వచ్చింది. మ్యాథ్స్ దెబ్బకొట్టింది. వచ్చేసారి ఏడు దాటించాలంటే ఇది చెయ్యాలి" అని కాగితం చూపించండి. పాతపట్నం మావయ్య కొడుక్కి తొమ్మిది వచ్చిందంటారా? వాడి యూనివర్సిటీ వేరు, పేపర్ దిద్దేవాళ్లు వేరు. వాదన పెట్టుకోకుండా ఊకొట్టేసి బయటపడండి.

నిద్ర పట్టకపోయినా, ముద్ద దిగకపోయినా, బతకాలని లేదనే ఆలోచన ఒక్కసారి వచ్చినా ఈ లెక్కలన్నీ పక్కన పడేసి ఇంట్లోనో హాస్టల్లోనో ఎవరికో ఒకరికి వెంటనే చెప్పండి. 14416కి ఫోన్ చెయ్యండి. అది ప్రభుత్వ టెలీ మానస్ నంబర్, డబ్బులు పడవు, రాత్రయినా పగలయినా ఎత్తుతారు.

చివరిగా స్కాలర్‌షిప్. కేంద్రం ఇచ్చే సెంట్రల్ సెక్టర్ స్కాలర్‌షిప్ రెన్యువల్‌కి ఏడాదికి 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు ఉండాలి. మార్కుల దిగులుతో క్లాసులు ఎగ్గొడితే హాజరు దగ్గర దొరికిపోతారు. మిగతా స్కాలర్‌షిప్‌లకి షరతులు వేరు, ఎవరివి వాళ్లు చదువుకోండి. మీరక్కడ చదువుతున్నారని చెప్పే బోనఫైడ్ సర్టిఫికెట్ కాలేజీలో ఉండగానే తీసుకోండి. సెలవులకొచ్చాక "అన్నా, ఏదో ఒకటి చెయ్యి" అంటే, దానికి కావలసిన ప్రిన్సిపాల్ సంతకం నా షాపులో దొరకదు.