అవ్వాతాతల దివ్యాంగుల పింఛనుకు నోటీసు వస్తే

ఇంట్లో అవ్వకో తాతకో నోటీసు వస్తే టెన్షన్ పడకండి, ముఖ్యంగా వాళ్ళ ఎదురుగా. పింఛను పోయిందన్న మాట చెవిన పడితే ఆ పూట అన్నం కూడా ముట్టరు. ముందు కాగితం పూర్తిగా చదవండి. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన రీవెరిఫికేషన్‌లో వైకల్యం 40 శాతంలోపు అని తేలినవాళ్ళకు ఇలాంటి నోటీసులు ఇచ్చారు.

అది తప్పనిపిస్తే అప్పీలు చేయండి. పల్లెల్లో ఎంపీడీఓకి (మండల అభివృద్ధి అధికారికి), తిరుపతి, చిత్తూరు టౌన్లలో మున్సిపల్ కమిషనర్‌కి. నోటీసు, సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఎంత శాతమో చూపేది), ఆధార్ జిరాక్స్‌లు జతచేసి రసీదు అడిగి తీసుకోండి, ఒరిజినల్స్ మాత్రం ఎవరి చేతికీ ఇచ్చేసి రావద్దు.

మళ్ళీ పరీక్షకు పిలిచినప్పుడు అసలు చిక్కు ఒకటుంది. డాక్టర్ ఎలా ఉందని అడగ్గానే మన పెద్దోళ్ళు మర్యాద కొద్దీ "బాగుండాను నాయనా" అనేస్తారు. మెట్లెక్కలేకపోవడం, స్నానానికి మనిషి సాయం కావాల్సి రావడం, రాత్రిళ్ళు పడిపోవడం, ఇవన్నీ ముందే ఒక పేపర్ మీద రాసుకుని మీరే పక్కన నిలబడి చెప్పండి. పాత ఎక్స్‌రేలు, మందుల చీటీలు కూడా పట్టుకెళ్ళండి.

ఒకవేళ శాతం తగ్గినా, వయసు 60 దాటితే వృద్ధాప్య పింఛనుకు మార్చమని మీ గ్రామ, వార్డు సచివాలయంలో అడగండి. 6,000 బదులు 4,000 వస్తుంది, తక్కువే, కానీ మందులకైనా ఆసరా. అక్కడా పని కాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వండి.