రేడియం నుంచి ఫ్లాట్‌బెడ్ దాకా – 5వ పాఠం: షీటు కదలకూడదు

పోయిన పాఠం చివర, మూడు నెలల ఆర్డర్ల పుస్తకం ముందేసుకుని ప్రతి పనికీ ఎదురుగా మెటీరియల్, మందం, సైజు రాయమన్నాను. రాయనివాళ్లు ముందు అది పూర్తి చేసి రండి. ఏ కటింగ్ మెషీన్ కొనాలో షోరూమ్ వాళ్లు చెప్పలేరు, మీ పుస్తకమే చెప్పాలి.

ఆ లెక్కలో ముప్పాతిక వంతు రేడియం, వినైల్ స్టిక్కర్ పనులే ఉంటే ఫ్లాట్‌బెడ్ (షీటును బల్ల మీద పరిచి కోసే మెషీన్) కొనకండి. ట్రాక్టర్ వెనక పేర్లు, షాపు అద్దాల మీద అక్షరాలు చుట్టను లాగుతూ కోసే రోల్ మెషీన్ మీదే వేగంగా వస్తాయి. రోల్‌ను ముక్కలు చేసి బెడ్ మీద పరుచుకుంటూ కూర్చుంటే రోజు గడిచిపోతుంది. సన్‌బోర్డు అక్షరాలు, ఫోమ్‌బోర్డు, కరుగేటెడ్ షీట్లు, ప్రింట్ అంటించిన కటౌట్లు ఎక్కువుంటేనే ఈ పాఠం మీకు. మిర్యాలగూడ మిల్లుల బోర్డులు, పెళ్లి స్టేజీ మీద పేర్లు, చెర్వుగట్టు జాతరకు కటౌట్లు చేసేవాళ్లకు ఇవన్నీ రోజూ తగిలేవే.

ఆక్రిలిక్, ఏసీపీ (రెండు అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ ఉండే షీటు) పనులు ఎక్కువున్నవాళ్లు ఒక మాట గుర్తుపెట్టుకోండి. అది కత్తితో అయ్యే పని కాదు. ఫ్లాట్‌బెడ్‌కు స్పిండిల్ (కోసే బిట్టును గిరగిరా తిప్పే మోటారు) తగిలించి ఎప్పుడో ఒకసారి ఏసీపీ కోయొచ్చు కానీ, రోజూ ఆ పనే ఉంటే సీఎన్‌సీ రౌటర్ (బిట్టుతోనే కోసే కంప్యూటర్ మెషీన్) తీసుకోవడమే మంచిది. "లేజర్ కొంటే అన్నీ అయిపోతాయి కదా" అని చాలామంది అడుగుతున్నారు. ఆక్రిలిక్‌కు లేజర్ బాగుంటుంది, అంచు అద్దంలా మెరుస్తుంది. కానీ సన్‌బోర్డు అంటే పీవీసీ. దాన్ని లేజర్‌తో కాలిస్తే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. మనిషి ఊపిరితిత్తులకు ప్రమాదం, మెషీన్ లోపలి ఇనుమంతా తుప్పు పడుతుంది. షాపులో పనిచేసే పిల్లల కోసమైనా ఆ పని చేయకండి.

ఇక అసలు విషయం. కేటలాగ్‌లో మొదట కనిపించేది స్పీడు, సెకనుకు ఇన్ని మిల్లీమీటర్లని. నేను చివర చూసేది అదే. మొదట చూడాల్సింది బెడ్ పట్టు.

ఫ్లాట్‌బెడ్ మీద షీటును కింద నుంచి గాలి లాగి పట్టుకుంటారు. బెడ్ నిండా సన్నటి రంధ్రాలు, వాటి కింద గదులు, ఆ గదులకు వ్యాక్యూమ్ పంపు ఉంటాయి. పంపు 20 కిలోపాస్కల్ పట్టు నిలబెట్టిందనుకోండి. అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 200 గ్రాములు. పది సెంటీమీటర్ల చదరపు ముక్క మీద 20 కిలోల బరువు పెట్టినట్టు. అదే రెండు సెంటీమీటర్ల ముక్క అయితే దాని మీద పడేది 800 గ్రాములే. కత్తి పక్కకు తోసినప్పుడు పెద్ద ముక్క చలించదు, చిన్నది జారిపోతుంది. అందుకే ఏ ఫైల్‌లోనైనా లోపలి రంధ్రాలు, చిన్న ముక్కలు ముందు కోయాలి, చుట్టు గీత చివర రావాలి. షీటు ఒక్కటిగా ఉన్నంతసేపే దానికి పట్టు ఉంటుంది.

షీటు కప్పని చోట గాలి ఊరికే లోపలికి పోయి పట్టు పడిపోతుంది. బెడ్‌ను జోన్లుగా విడగొట్టేది దీనికోసమే. ఎన్ని జోన్లున్నాయి, ఒక్కోదానికి విడిగా వాల్వు ఉందా అని అడగండి. జోన్లున్నా మిగిలే ఖాళీని పాత ఫ్లెక్స్ ముక్కలతో కప్పేయండి. గాలి దూరని ఫ్లెక్స్ దీనికి బాగా పనికొస్తుంది, మన షాపుల్లో దానికి కొరత లేదు.

ఈ సంగతి నాకు తెలిసేసరికి డబ్బు పోయింది. హైదరాబాద్‌లో ఒక షోరూమ్‌లో డెమో చూశాను. 5 మిల్లీమీటర్ల సన్‌బోర్డు వెన్నలా తెగింది. షీటు నాలుగు మూలలా మాస్కింగ్ టేపు వేసి ఉంది. చూశాను, ఎందుకని అడగలేదు. మెషీన్ నల్లగొండకు వచ్చిన మొదటి వారంలోనే ఒక పెళ్లి బోర్డుకు "శ్రీరస్తు" కోశాను. "స్తు" దగ్గరికి వచ్చేసరికి షీటు మూడు మిల్లీమీటర్లు జరిగింది. కత్తి మొదలుపెట్టిన చోటికే తిరిగి వచ్చింది కానీ గీత గీతను కలవలేదు. ఒత్తు సగం తెగి వేలాడింది. ఆ రాత్రి ఇంకో షీటు తెచ్చి చేత్తో కోసిచ్చాను. పంపు ఆ బెడ్‌కు సరిపడేది కాదని తర్వాత తేలింది. టేపు ఎందుకు వేశారో అప్పుడు అర్థమైంది.

ఇప్పుడు కత్తి. రోల్ మెషీన్‌లో ఉండేది డ్రాగ్ నైఫ్. దాన్ని లాగుతుంటే దానంతట అదే తిరుగుతుంది. పల్చటి వినైల్‌కు అది చాలు. మందపాటి షీటులో కూరుకుపోయిన కత్తి అలా తిరగలేదు, మూల దగ్గర చింపుతుంది. ఫ్లాట్‌బెడ్‌కు టాంజెన్షియల్ నైఫ్ కావాలి. మూల రాగానే కత్తిని పైకి లేపి, మోటారుతో తిప్పి, మళ్లీ దించుతుంది. ఫోమ్, కరుగేటెడ్ లాంటివాటికి ఆసిలేటింగ్ నైఫ్, అది రంపంలా వేగంగా పైకీ కిందికీ ఆడుతూ కోస్తుంది.

తెలుగు రాసేవాళ్లకు ఇక్కడ అదనంగా ఒక చిక్కుంది. ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో చాలావాటికి నిలువు గీతలు, మూలలు ఉంటాయి. మనవన్నీ వంపులు, చుట్లు. షీటు మందం పెరిగేకొద్దీ కత్తి వెడల్పు పెరుగుతుంది, వెడల్పు కత్తి చిన్న చుట్టు తిరగలేదు. 5 మిల్లీమీటర్ల బోర్డులో "ఠ" మధ్య చుక్క, "శ్రీ" కింద క్రావడి తీసేటప్పుడు అంచు చిట్లుతుంది. వంపు చిన్నదైతే స్పిండిల్ పెట్టి సన్న బిట్టుతో తీయడమే నయం. బిట్టుకు కూడా హద్దుంది: 3 మిల్లీమీటర్ల బిట్టు ఏ లోపలి మూలనైనా 1.5 మిల్లీమీటర్ల గుండ్రంతోనే వదులుతుంది. అందుకే ఒకే టూల్ ఉన్న తల వద్దు. కత్తి, స్పిండిల్ రెండూ మార్చుకునే వీలుండాలి.

ప్రింట్ అంటించి కటౌట్లు చేసేవాళ్లు కెమెరా లేని మెషీన్ తీసుకోవద్దు. అంటించేటప్పుడు వినైల్ ఎంతో కొంత సాగుతుంది. ప్రింట్ మీద వేసిన గుర్తులను కెమెరా చదివి ఆ తేడా సర్దుతుంది. లేకపోతే ఒక పక్క తెల్ల అంచు మిగులుతుంది.

సైజు గురించి పెద్ద ఆలోచన అక్కర్లేదు. మన షీటు 8 అడుగులకు 4, అంటే 2440 × 1220 మిల్లీమీటర్లు. 2500 × 1300 బెడ్ మీద నిండు షీటు పడుతుంది. అయితే ఫ్రేముతో కలిపి బయటి కొలత రాతపూర్వకంగా తీసుకోండి. పది అడుగుల మడిగెలో మెషీన్ పెట్టాక చుట్టూ మనిషి తిరగాలి, షీటు ఎత్తి పెట్టాలి. షట్టర్ వెడల్పు కూడా కొలవండి.

కరెంటు సంగతి అడ్వాన్స్ ఇవ్వకముందే తేల్చుకోవాలి. 7.5 కిలోవాట్ల పంపు అంటే పది హార్స్‌పవర్. రోజుకు నాలుగు గంటలు నడిస్తే 30 యూనిట్లు, 26 రోజులకు 780 యూనిట్లు ఒక్క పంపుకే. దానికి త్రీఫేజ్ కావాలి. మీ మడిగెకు సింగిల్ ఫేజే ఉంటే ముందు కరెంటాఫీసులో లోడ్ పెంపు పని చూసుకోండి. మెషీన్ దిగాక మీటర్ కోసం ఎదురుచూడటమంత టెన్షన్ ఇంకోటి లేదు.

స్విట్జర్లాండ్ జుండ్, బెల్జియం సుమ్మ, జపాన్ గ్రాఫ్‌టెక్, మిమాకి మంచి పేరున్నవి. చైనా మెషీన్లు ధరలో అందుతాయి. ఏది కొన్నా ఒక్కటే అడగండి: మెషీన్ ఆగిపోతే హైదరాబాద్ నుంచి మనిషి ఎన్నాళ్లకు వస్తాడు, కత్తులు, మెషీన్ లోపలి ఎలక్ట్రానిక్ బోర్డులు వాళ్ల దగ్గర స్టాకున్నాయా? జవాబు కొటేషన్ మీదే రాయించుకోండి.

ఈ పాఠానికి పని ఇది. కోరల్‌డ్రాలో ఒక టెస్ట్ ఫైల్ చేయండి. 2000 × 1000 మిల్లీమీటర్ల దీర్ఘచతురస్రం, అందులో 20 మిల్లీమీటర్ల వృత్తాలు నాలుగు, 60 మిల్లీమీటర్ల ఎత్తున "ఠ", "థ", "శ్రీ". మీరు రోజూ వాడే సన్‌బోర్డు షీటు ఒకటి, వినైల్ కొంత వెంట తీసుకుని డెమోకు వెళ్లండి. వాళ్ల షీటు వద్దు. టేపు వేయబోతే వద్దనండి. కోశాక స్టీల్ టేపుతో దీర్ఘచతురస్రం రెండు కర్ణాలూ (మూల నుంచి ఎదురు మూలకు) కొలవండి, రెండూ 2236 మిల్లీమీటర్లు రావాలి. తేడా ఉంటే గాంట్రీ (కత్తి తలను మోసే అడ్డ దూలం) వంకరగా ఉన్నట్టు. వృత్తం మొదలు, చివర కలిసిన చోట గోటితో తడమండి, మెట్టు తగలకూడదు. తర్వాత వినైల్‌ను బెడ్ తొమ్మిది చోట్ల పరిచి పై పొర మాత్రమే కోయమనండి. ఒక మూల వెనక కాగితం కూడా తెగి, ఇంకో మూల వినైల్ కూడా తెగకపోతే ఆ బెడ్ సమంగా లేదు.

ఆ తొమ్మిది ముక్కల వెనక చోటు నంబరు రాసి ఇంటికి తెచ్చుకోండి. 6వ పాఠంలో వాటినే ముందు పెట్టుకుని కత్తి లోతు, ఒత్తిడి సెట్ చేయడం నేర్చుకుందాం.