వాన పడితేనే వచ్చే అలారం

కోనసీమలో ఒక 4జీ టవర్. వాన కురిసినప్పుడల్లా ఒకే సెక్టార్‌లో (టవర్ ఒక దిక్కుకు సిగ్నల్ ఇచ్చే భాగం) వీఎస్‌డబ్ల్యూఆర్ అలారం, అంటే పంపిన పవర్ యాంటెన్నాకు చేరకుండా ఎక్కువగా వెనక్కి వస్తోందన్న హెచ్చరిక, వచ్చేది, బాగా ఎండ కాస్తే దానంతటదే పోయేది. ఆర్‌ఆర్‌యూ (టవర్ మీది రేడియో పెట్టె) మార్చేద్దామన్నారు ఆఫీసులో. నాకెందుకో నమ్మకం కుదరలేదు. రేడియో పాడైతే ఎండకి బాగవుతుందా?

ఆర్‌ఎఫ్ (రేడియో సిగ్నల్) ఆపించి, ఆర్‌ఆర్‌యూ దగ్గర దాన్ని యాంటెన్నాకు కలిపే రెండు జంపర్ కేబుళ్లను అటూ ఇటూ మార్చాం. మళ్లీ ఆన్ చేస్తే అలారం కేబుల్ వెంటే రెండో పోర్టుకు వెళ్లింది. రేడియోది తప్పు కాదన్నమాట. మళ్లీ ఆపించి యాంటెన్నా వైపు కనెక్టర్ విప్పితే పిన్ చుట్టూ పచ్చటి చిలుము, వంచితే నీటి చుక్కలు. ఎవరో టేపు పైనుంచి కిందికి చుట్టారు. ప్రతి అంచూ పైకి తెరుచుకుని నీళ్లు పట్టుకుంది.

కొత్త జంపర్ వేసి టార్క్ రెంచ్‌తో (సరిపడా బలంతోనే బిగించే పానా) బిగించాను. ముందు బ్యూటైల్ (జిగురుగా అతుక్కునే రబ్బరు) టేపు, దానిమీద పీవీసీ టేపు. చివరి చుట్టు కిందినుంచి పైకే రావాలి, పెంకుటింటి కప్పులా పై వరస కింది వరసను కప్పాలి. కేబుల్‌కి కాస్త వంపు కూడా వదిలాను, నీరు అక్కడే కారిపోయేలా.

వీఎస్‌డబ్ల్యూఆర్ రీడింగ్ 1.9 నుంచి 1.2కి దిగింది. 1.9 అంటే పంపిన పవర్‌లో దాదాపు పదోవంతు వెనక్కే వస్తున్నట్టు. మిగతా సెక్టార్ల టేపులూ అలాగే ఉన్నాయి, ఎక్కాం కదా అని అవీ విప్పి చుట్టేశాం.