రెప్ప వాలింది, ఒకటి రెండుగా కనిపిస్తోంది: ఎవరికి చూపించాలి, ఎంత తొందరగా?

నల్గొండ, పాలమూరు వైపు కంటికి ఏమైనా ముందు షాపులో చుక్కల మందు తెస్తారు, లేదంటే ఆకు పసరు పోస్తారు. రెప్ప వాలినా, కన్ను తిరగకపోయినా ఈ రెండూ పనిచేయవు. లోపం చాలాసార్లు కంటిని కదిలించే నరంలోనో కండరంలోనో ఉంటుంది. పసరు పోస్తే ఉన్న చూపుకే ముప్పు.

ఒకటి రెండుగా కనిపిస్తే

ఒక్కో కన్ను మార్చి మార్చి మూసి చూడండి. ఏ కన్ను మూసినా రెండో బొమ్మ పోతే, రెండు కళ్లూ కలిసి తిరగడం లేదని అర్థం. ఒక కంటితో చూసినా రెండుగానే ఉంటే ఆ కంట్లో శుక్లమో, సిలిండర్ పవరో (నల్లగుడ్డు పైపొర వంపు సమంగా లేకపోవడం) ఉండొచ్చు. అది సాధారణ కంటి డాక్టరు చూసే పనే.

మొదటి రకమైతే షుగర్, బీపీ పరీక్ష తప్పనిసరి. షుగర్ ఉన్నవాళ్లకు కన్నును బయటికి తిప్పే నరం దెబ్బతినొచ్చు. చాలామందికి కొన్ని నెలల్లో అదే సర్దుకుంటుంది, అప్పటిదాకా ఒక కన్ను మూసే ప్యాచ్ గానీ, రెండు బొమ్మల్ని ఒకటిగా కలిపే ప్రిజం అద్దం గానీ ఇస్తారు. కానీ డాక్టరు చూడకుండా 'షుగర్ వల్లే' అని ఇంట్లో కూర్చోవద్దు. రెప్ప వాలి, ఆ కనుపాప పెద్దదై, తల పగిలిపోయేంత నొప్పి ఉంటే మెదడు రక్తనాళం ఉబ్బి నరాన్ని నొక్కుతుండొచ్చు. మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా పక్షవాతం అనుమానించాలి. ఈ రెంటిలో ఏది కనిపించినా వెంటనే స్కాన్ ఉన్న పెద్దాసుపత్రికి వెళ్లాలి.

రెప్పలు వాలిపోతే

దేవరకొండ, అచ్చంపేట పల్లెల్లో ఇది ప్రాణం మీదికి తెచ్చే లక్షణం కావచ్చు. రాత్రి కింద పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపునొప్పితో లేచి, రెప్పలు ఎత్తలేకపోతే కట్లపాము కాటేమో చూడాలి. ఈ కాటుకు పెద్దగా నొప్పి, వాపు ఉండవు, గాటు కూడా కనబడకపోవచ్చు. ఆ తర్వాత మింగడం కష్టమవుతుంది, ఊపిరి ఆగుతుంది. మంత్రాలు, తాడుతో బిగించడం వద్దు. 108కి ఫోన్ చేసి, విరుగుడు మందు, వెంటిలేటర్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లమని చెప్పండి.

పొద్దున బాగుండి సాయంత్రానికి వాలితే మయస్థీనియా (నరం ఇచ్చే సంకేతం కండరానికి సరిగా అందని జబ్బు) కావచ్చు. దానికి నరాల డాక్టరు (న్యూరాలజిస్టు) మాత్రలతో వైద్యం చేస్తారు. వయసుతో మెల్లగా వాలే రెప్పకు చిన్న ఆపరేషన్ సరిపోతుంది.

రెప్ప అదరడం ఎక్కువగా నిద్ర చాలకో, చాయ్ ఎక్కువైతేనో వస్తుంది. ముఖం ఒక పక్కంతా గుంజుతుంటే మాత్రం చూపించండి.

పిల్లల మెల్లకన్ను

'అదృష్టం, పెద్దయితే పోతుంది' అనే మాట వినకండి. మెదడు ఆ కంటి చూపును పట్టించుకోవడం మానేస్తుంది. ఏడెనిమిదేళ్ల లోపు అద్దాలు, మంచి కంటికి ప్యాచ్, అవసరమైతే ఆపరేషన్ చేయిస్తే ఫలితం బాగుంటుంది. ఫొటోలో కనుపాప తెల్లగా మెరిస్తే అది కంటి క్యాన్సర్ కూడా కావచ్చు, ఆ వారంలోనే తీసుకెళ్లండి.

ఎక్కడికి

కళ్లద్దాల షాపులో పవర్ చూస్తారు, నరం చూడరు. ముందు జిల్లా ప్రభుత్వ ఆసుపత్రి కంటి విభాగం, అక్కడ రాస్తే హైదరాబాద్ మెహిదీపట్నంలోని సరోజినీదేవి కంటి ఆసుపత్రి. పాత ఫొటోలు తీసుకెళ్తే రెప్ప ఎప్పటినుంచి వాలిందో డాక్టరుకు తెలుస్తుంది. పరీక్ష కోసం అక్కడ కంట్లో చుక్కలు వేస్తే కొన్ని గంటలు మసకగా ఉంటుంది కాబట్టి బండి నడపడానికి ఒకరిని వెంట తీసుకెళ్లండి.