యేసు వంశావళి చదవడం, మన ఇంటిది రాసుకోవడం

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నా చేతుల్లో ఉన్నవి జనన మరణ రిజిస్టర్లే. అందుకేనేమో, బైబిల్లో చాలామంది గబగబా తిప్పేసే పేజీల దగ్గరే నాకు కాలక్షేపం. ఫలానావాడు ఫలానావాణ్ణి కనెను, అతడు ఇంకొకణ్ణి కనెను. ఈ పేజీలు ఎలా చదవాలని మా బైబిల్ స్టడీలో అడిగేవాళ్లకు నేను చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు మత్తయి సువార్త మొదటి అధ్యాయంలోని పేర్లను ఒక నోటుబుక్కులో, లైనుకు ఒకటి చొప్పున రాయండి. చేత్తోనే రాయండి. చదివితే జారిపోయే పేరు రాస్తే ఆగుతుంది. పదిహేడో వచనం మూడు గుంపులు చెబుతుంది: అబ్రాహాము నుంచి దావీదు దాకా 14 తరాలు, దావీదు నుంచి బబులోను చెర (యూదులు బందీలుగా పోయిన కాలం) దాకా 14, అక్కణ్ణుంచి క్రీస్తు దాకా 14. మీరు రాసినవాటిలో తండ్రి నుంచి కొడుక్కి నడిచే వరసను లెక్కపెడితే మాత్రం 41 పేర్లే తేలతాయి. టెన్షన్ పడకండి, గుంపుల సరిహద్దులో నిలిచిన దావీదునో చెర నాటి రాజు యెకొన్యానో రెండుసార్లు లెక్కిస్తారు.

ఇప్పుడు మొదటి దినవృత్తాంతములు మూడో అధ్యాయం తెరిచి పక్కన పెట్టుకోండి. యెహోరాము తర్వాత అక్కడ అహజ్యా, యోవాషు, అమజ్యా అని ముగ్గురు రాజులుంటారు. మత్తయి వాళ్లను దాటేసి నేరుగా ఉజ్జియా దగ్గరికి వెళ్లాడు. (దినవృత్తాంతాల్లో ఈ ఉజ్జియా పేరు అజర్యా అని ఉంటుంది, కంగారుపడొద్దు.) మా ఆఫీసులో ఎవరైనా ఇలా చేస్తే మెమో ఇచ్చేవాళ్లు. మత్తయి చేస్తున్నది జనాభా లెక్క కాదు. అబ్రాహాముకూ దావీదుకూ దేవుడిచ్చిన మాటకు వారసుడు ఈయనే అని సాక్ష్యం పెడుతున్నాడు. మధ్యలో ఒకటి రెండు తరాలు వదిలి మునిమనవణ్ణి కూడా కుమారుడనడం ఆ జాబితాల్లో మామూలే.

ఆ తర్వాత ఎర్ర పెన్ను తీసుకుని ఆడవాళ్ల పేర్లు చుట్టండి: తామారు, రాహాబు, రూతు, ఊరియా భార్య, మరియ. అబ్రాహాము భార్య శారా లేదు, ఇస్సాకు భార్య రిబ్కా లేదు. ఏ కుటుంబమైనా గొప్పగా చెప్పుకునే పేర్లను వదిలి, దాచుకునే పేర్లను పైకి తీశాడు. ఒక్క తామారు సంగతి చూడండి. ఆదికాండము 38లో ఆమె మొగుడు పోయిన కోడలు. మూడో కొడుకుతో పెళ్లి చేస్తానన్న మామ యూదా మాట దాటేశాడు. ఆమె ముసుగు వేసుకుని దారిలో కూర్చుంది, యూదా వేశ్య అనుకున్నాడు, ఆమె తాకట్టుగా అతని ముద్ర, దారము, చేతికర్ర పుచ్చుకుంది. మూడు నెలలకు ఆమె గర్భవతి అని తెలిసి కాల్చెయ్యమన్నాడు. ఆమె ఆ మూడు వస్తువులూ పంపి, ఇవి ఎవరివో చూడండి అంది. యూదా అప్పుడు తనకంటే ఆమే నీతిమంతురాలని ఒప్పుకున్నాడు. ఇంతకంటే గట్టి రుజువు నా సర్వీసులో నేను చూడలేదు! అలా పుట్టిన పెరెసు మీదుగానే వంశం దావీదు దాకా వచ్చింది.

తెలిసిన పేరు వచ్చినప్పుడల్లా ఇలా కథ దగ్గరికి వెళ్లి చదవండి. అజోరు, సాదోకు, ఆకీము లాంటివాళ్ల గురించి పేరు తప్ప ఏమీ దొరకదు. వెతికి అలసిపోవద్దు.

పదహారో వచనం దగ్గర మాత్రం నిదానించండి. అంతదాకా కనెను, కనెను అంటూ వచ్చిన వరస యోసేపు దగ్గర తెగుతుంది. యోసేపు యేసును కన్నాడని ఉండదు, మరియ భర్త అని మాత్రమే ఉంటుంది. అయినా ఈ జాబితాలో దావీదు వంశం యేసుకు అందింది యోసేపు ద్వారానే. బిడ్డకు పేరు పెట్టి తనవాడిగా చేసుకున్నాడు, అది చాలింది. దత్తత పిల్లలున్న ఇంట్లో ఈ వచనం తప్పకుండా చదివి వినిపించండి.

లూకా మూడో అధ్యాయంలో వంశావళి వెనక్కి నడిచి ఆదాము దాకా వెళుతుంది. దావీదు తర్వాత అతని కొడుకు సొలొమోను బదులు మరో కొడుకు నాతాను వస్తాడు, యోసేపు తండ్రి మత్తయిలో యాకోబు అయితే లూకాలో హేలీ. అన్న పిల్లల్లేకుండా చనిపోతే తమ్ముడు అతని పేరు నిలబెట్టే ధర్మం వల్ల యోసేపుకు ఇద్దరు తండ్రులు లెక్కకొచ్చారని మూడో శతాబ్దంలో జూలియస్ ఆఫ్రికానస్ అనే క్రైస్తవ చరిత్రకారుడు చెప్పాడు. లూకాది మరియ వంశమని మరికొందరంటారు. నాకు మొదటిదే సబబనిపిస్తుంది, కానీ దీని మీద తగాదా పెట్టుకోను.

ఇక మీ ఇంటిది. పుట్టిన తేదీలతో మొదలుపెట్టకండి. ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ల దగ్గర కూర్చుని, నీకు మొదట ప్రార్థన నేర్పిందెవరు అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నకు వచ్చేంత సమాచారం ఫారం నింపితే రాదు. పాత బైబిలు అట్ట లోపలి పేజీలు, చర్చి బాప్తిస్మపు, పెళ్లి రిజిస్టర్లు, సమాధి రాళ్లు తర్వాత చూడండి. ఒకే మనిషి పేరు మూడు చోట్ల మూడు రకాలుగా ఉంటే మూడూ రాసిపెట్టండి, దిద్దొద్దు. విశ్వాసం వదిలేసినవాళ్ల పేర్లూ ఉండాలి. బతికున్నవాళ్ల సంగతులు మాత్రం వాళ్లనడిగే రాయాలి. ఇంట్లో మొదటి విశ్వాసి మీరే అయితే మొదటి లైను మీదే. తిమోతి తండ్రి గ్రీసుదేశస్థుడు, అతనికి విశ్వాసం అందింది అవ్వ లోయి, తల్లి యునీకేల నుంచి. పౌలు ఉత్తరంలో ఆ ఇద్దరి పేర్లే రాశాడు.

రాస్తుంటే తాగుడు, ఆత్మహత్య, విడిపోవడం లాంటివి వరసగా కనిపించి, మా వంశానికి శాపముందా అని కొందరు భయపడిపోతారు. ఆ భయాన్ని సొమ్ము చేసుకునేవాళ్లూ ఉన్నారు. యెహెజ్కేలు 18 చదవండి: తండ్రి దోషం కొడుకు మొయ్యడు. యెకొన్యాను చూడండి. నువ్వు నా కుడిచేతి ముద్ర ఉంగరమైనా ఊడబీకి పారేస్తానని యిర్మీయా 22లో దేవుడన్నది అతనితోనే. హగ్గయి 2లో ఆ యెకొన్యా మనవడు జెరుబ్బాబెలునే ముద్ర ఉంగరంలా చేస్తానన్నాడు. అలవాట్లు, గాయాలు తరాలు దాటి వస్తాయి, నిజమే. వాటికి ఓదార్పూ వైద్యమూ కావాలి, తాయెత్తు ప్రార్థనలు కాదు.

రక్తం రక్షణ సర్టిఫికెట్ కాదని బాప్తిస్మమిచ్చు యోహాను మొహం మీదే చెప్పాడు: అబ్రాహాము మా తండ్రి అనుకోవద్దు, ఈ రాళ్లతో కూడా దేవుడు అబ్రాహాముకు పిల్లల్ని పుట్టించగలడు. అందుకని ఎనిమిదో తరమో పదో తరమో దొరకలేదని నెలల తరబడి తిరక్కండి. మితంలేని వంశావళుల జోలికి పోవద్దని పౌలు కూడా తిమోతికి రాశాడు. రెండు మూడు తరాలు సరిగ్గా దొరికితే చాలు, ఫెయిర్ కాపీ రాసి పిల్లలకు ఇచ్చెయ్యండి. చివర కొన్ని పేజీలు ఖాళీగా వదలండి, మిగతాది వాళ్లు రాసుకుంటారు.