ఎల్‌ఈడీ బల్బులు మార్చే ముందు

బెజవాడ ఎండలకు ఏసీ బిల్లు ఎలాగూ తప్పదు, లైట్లలోనైనా మిగుల్చుదామనుకునేవాళ్లకు:

– స్విచ్ ఆపితే చాలదు, మెయిన్ దించండి. కొన్ని పాత ఇళ్లలో స్విచ్ న్యూట్రల్ వైరుకి ఉంటుంది. హోల్డర్‌లో కరెంటు అలాగే ఉంటుంది. మా వంటింట్లో అదే, టెస్టర్ వెలిగాక గానీ తెలియలేదు. స్టూలు మీద నిలబడి షాక్ తింటే పడేది మనమే.

– గాలాడని గాజు డూములో మామూలు ఎల్‌ఈడీ పెట్టొద్దు. వేడికి లోపలి డ్రైవర్ (ఎల్‌ఈడీకి తగ్గట్టు కరెంటు మార్చి ఇచ్చే సర్క్యూట్) ముందే పోతుంది.

– వాట్లు కాదు, ల్యూమెన్లు (వెలుతురు కొలత) చూడండి. 60 వాట్ల గుండు బల్బు స్థానంలో 800 ల్యూమెన్లు సరిపోతాయి. 9 వాట్లలో వచ్చేస్తాయి.

– లైటు రంగును కెల్విన్లలో చెబుతారు. పడగ్గదికి పసుపు ఛాయ ఉండే 3000 కెల్విన్. తెల్లటి 6500 అయితే ఆసుపత్రి వార్డే!

– తీసిన సీఎఫ్‌ఎల్ పగలనివ్వకండి, అందులో పాదరసం ఉంటుంది.

– బిల్లు దాచండి. వారంటీకి అదే దిక్కు.